ముందు రెండు వరుసల కోసం

భిలాయ్‌లో మా తెలుగు సంఘం కార్యక్రమాలకి వచ్చేవాళ్ళలో నన్ను గుర్తుపట్టనివాళ్ళు ఉండరు. మైకు ముందు నిలబడి సభకు నమస్కారం పెట్టే వనజాక్షిని నేనే. ఉక్కు ప్లాంటు స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను, ఈ మైకు నుంచి మాత్రం ఇంకా రిటైరవనివ్వడం లేదు. అయితే నా నమస్కారాన్ని చివరి వరుస దాకా చేరవేసే మనిషి పేరేమిటని అడిగితే సగంమంది బుర్ర గోక్కుంటారు. హాలు మధ్యలో టేబులు మీద మైకుల సౌండ్ మిక్సర్ పెట్టుకుని, రెండు మోచేతులూ ఆనించి, ఎప్పుడు చూసినా నిద్ర చాలనట్టు కూర్చునే ఆవిడ పేరు రజనీకుమారి. ఆవిడ గురించి నాలుగు ముక్కలు చెప్పాలని ఉగాది నుంచీ అనుకుంటున్నాను. ఇదంతా కోపంతోనే చెబుతున్నాను. ఆ కోపం ఎవరిమీదో నాకే సరిగ్గా తేలడం లేదు.

రజని నాన్న జగ్గయ్యది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. ప్లాంటులో ఉక్కు మిల్లులో రిగ్గరు పని చేసేవాడు. పైన క్రేను నడిపేవాడికి కింద నుంచి చేతులతో సైగలు చెయ్యడం ఆయన ఉద్యోగం. వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే సరుకు లేపమని, పిడికిలి బిగిస్తే ఆపమని అర్థం. ఆ మోతలో నోటిమాటకి విలువ లేదు. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన ప్లగ్గుల్ని ఆయన జేబులో వేసుకునేవాడు. "సెవులు మూసీసుకుంటే క్రేను గంట ఎవుడింతాడు?" అనేవాడు. ఆయన ఒక్కడే కాదు, ఆ తరం మొగవాళ్ళంతా అంతే. రిటైరయ్యేసరికి భిలాయ్‌లో మేముండే ఖుర్సీపార్ బస్తీలో మా వీధి వీధంతా అరుపులతోనే మాట్లాడుకునేది. ఊరి నుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు మొదటిరోజు ఏదో పెద్ద గొడవ జరుగుతోందని బెదిరిపోయేవాళ్ళు. తీరా చూస్తే అక్కడ వంకాయ కూర బాగుందని మెచ్చుకుంటూ ఉండేవాళ్ళు.

రజని వాళ్ళమ్మ చరోదా రైల్వే కాలనీ పిల్ల, చర్చికి వెళ్ళే ఇంటి మనిషి. జగ్గయ్యేమో ఇంట్లో పైడితల్లమ్మ పటానికి మొక్కేవాడు. ఆ రెంటి మధ్యా ఎప్పుడూ తగాదా రాలేదు. ఆదివారం వచ్చిందంటే తల్లీకూతుళ్ళు చరోదా వెళ్ళేవాళ్ళు. అక్కడ రజని పాడేది. పాట మధ్యలో చర్చి యాంప్లిఫయర్ మొరాయిస్తే లేచి వెళ్ళి వెనక నాలుగు తట్లు తట్టేది. తట్టడంతో మొదలై, విప్పడం, అతకడం దాకా వచ్చింది. ఇంటర్ అయ్యాక మా వీధి మలుపులో రేడియో రిపేరు కొట్టుకి వెళ్ళి కూర్చునేది. ఆడపిల్లకి సోల్డరింగేమిటని వీధంతా నవ్వింది. జగ్గయ్య నవ్వలేదు. ఆ నవ్వులు ఆయనకి వినిపించలేదు కూడా.

తర్వాత ఆర్కెస్ట్రాలో చేరింది. పెళ్ళిళ్ళకీ దుర్గా పందిళ్ళకీ కుమ్హారి, క్యాంప్ 2, రాయ్‌పూర్, ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్ళేవాళ్ళు. హిందీ, తెలుగు, ఛత్తీస్‌గఢీ, అడిగిన పాటల్లా పాడేది. కీబోర్డు వాయించే సూర్యప్రకాష్‌ని అక్కడే చూసుకుని పెళ్ళి చేసుకుంది. వెనక డప్పులూ పక్కన పెద్ద స్పీకర్ బాక్సులూ ఉండగా, వాటి మీద నుంచి గొంతు వినిపించాలని ఏళ్ళతరబడి అరిచినట్టు పాడి గొంతు పాడుచేసుకుంది. పైస్థాయి పోయింది, తర్వాత మధ్యస్థాయి కూడా బొంగురుపోయింది. అప్పుడు స్టేజి దిగి మిక్సర్ బోర్డు దగ్గర కూర్చుంది. చూసినవాళ్ళు పాపం అన్నారు. ఆవిడకి పాపం ఏమీ లేదని నేనంటాను, ఎందుకంటే అక్కడే ఆవిడకి పేరొచ్చింది.

ఆ పేరు వచ్చిన పద్ధతి చెప్పాలి. మైక్ చెక్ జరుగుతున్నప్పుడు రజని స్టేజి వైపు చూడదు. మొదటి వరుసలో కూర్చున్న నాన్న వైపు చూస్తుంది. మా హాల్లో ముందు రెండు వరుసలూ మిల్లు పెద్దవాళ్ళవి. ఎవరూ రాసిపెట్టలేదు గానీ ఆఫీసర్లు కూడా మూడో వరుసలోనే కూర్చుంటారు. జగ్గయ్య అక్కడ కూర్చుని కూతురికి క్రేను సైగలు చేసేవాడు. వేలు తిప్పితే ఆవిడ పాడేవాళ్ళ గొంతుకున్న మీటని, అంటే ఫేడరుని, పైకి తోసేది, ట్రెబుల్, అంటే సన్నని ధ్వని, పెంచేది. మాట స్పష్టంగా తెలిసిన క్షణాన ఆయన పిడికిలి బిగించేవాడు. అక్కడ ఆపేసేది. దాంతో గొంతు సూదిలా, సన్నగా, వాయిద్యాల మీద నుంచి లేచి ముందు వరుసల్లో పడేది. ఇంట్లో టీవీ కూడా అర్థంకాని ముసలివాళ్ళు మా హాల్లో హరికథకి నవ్వేవాళ్ళు, సరైన చోట నవ్వేవాళ్ళు. "రజని బోర్డు మీదుంటే మాట ఇనిపిత్తాది," అని ఖుర్సీపార్ అంతా చెప్పుకునేది. అంతకంటే ఏ సౌండ్ ఇంజనీరుకైనా ఏం కావాలి?

రాయ్‌పూర్‌లో ఒక స్టూడియోవాళ్ళు ఒకసారి పిలిచి చూశారు. ఇక్కడ చేసినట్టే చేసింది. "దీదీ, చెవుల్లో గుచ్చుకుంటోంది," అన్నారు. ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టి, "ఆళ్ళ సెవులు మరీ సుకుమారవక్కా," అని నాతో అంది. ఇద్దరం కలిసి ఆ స్టూడియోని కరువుదీరా తిట్టుకున్నాం. ఆ తర్వాత వాళ్ళు పిలవలేదు, ఆవిడ వెళ్ళలేదు.

కరోనాలో సూర్యప్రకాష్ పోయాడు. అప్పటినుంచీ రజని నడకే మారిపోయింది. కేబుళ్ళు చుట్టడం, బాక్సులు దింపించడం, టెంపోవాడితో గొంతు చించుకోవడం, ఎక్కడో ప్రవచనం, ఇంకెక్కడో సంగీత్, పిలిచినవాళ్ళు ఆలస్యంగా రావడం, భోజనాలయ్యాక గుర్తొచ్చి "మీరూ తిన్నారా" అని అడగడం. "అలిసిపోనానక్కా. నిద్దరతోటి పోయే అలసట కాదిది," అంది ఒకరోజు నా ఇంటి గుమ్మంలో కూర్చుని. నేను టీ పెట్టి ఇచ్చాను. అంతకుమించి నా దగ్గర ఏముంది?

కిందటి దసరాకి గొడవ మొదలైంది. కచేరీ మధ్యలో పిల్లలు చెవులు మూసుకున్నారు. ఒక చంటిబిడ్డ గుక్కపట్టి ఏడిస్తే తల్లి లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆవిడ వెనక కుర్రజంటలు నాలుగైదు వెళ్ళిపోయాయి. మూడో వరుస నుంచి వెనక్కి జనం మొహాలు చిట్లించుకుని కూర్చున్నారు. ముందు రెండు వరుసలు మాత్రం తలలూపుతూ చక్కగా వింటున్నాయి. నాకేమీ తేడా తెలియలేదు. అరవై దాటాయి, నేనూ ముందు వరుసల లెక్కలోకి వచ్చేశాను కాబోలు.

మా సంఘం సెక్రటరీ రామమోహనరావుగారు ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. మర్యాదగానే మాట్లాడతారు, అదే ఆయనతో చిక్కు. "వనజాక్షిగారూ, యంగ్ ఫ్యామిలీస్ రావడం మానేస్తున్నారండీ. వాళ్ళు రాకపోతే ఈ సంఘం మనతోనే ముగిసిపోతుంది. ఉగాదికి రాయ్‌పూర్ నుంచి కంపెనీ సౌండ్ తెప్పిద్దామని కమిటీ అంటోంది. మీరే ఆ అమ్మాయికి నెమ్మదిగా చెప్పండి," అన్నారు. ఉన్న కమిటీలో ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నెమ్మది అంతా నా వాటాకే వస్తుంది. నేను నెమ్మదిగా ఉండలేదు. ఆర్కెస్ట్రాలు మూతపడ్డాయనీ, పెళ్ళిళ్ళన్నీ డీజేల చేతికి వెళ్ళిపోయాయనీ, రజనికి మిగిలింది మన సంఘమొక్కటేననీ, అది కూడా తీసేస్తే ఆవిడ ఇంక ఏ బోర్డు ముందూ కూర్చోదనీ అరిచాను. ఉగాది దాకా ఆగుతామన్నారు. ఆరోజు బాగుంటే ఆవిడే ఉంటుంది, లేదంటే లేదు.

ఈ మాట రజనికి చెబితే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కూతురు పద్మశ్రీని పిలిచి, "నిజంగా గుచ్చుతోందేటే?" అని అడిగింది.

పద్మశ్రీ రాయ్‌పూర్‌లో ఒక బట్టల షోరూములో అకౌంట్స్ చూస్తుంది. తల్లి గొంతు వచ్చింది దానికి, చెడిపోకముందు గొంతు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు పాటల్ని హిందీ లిపిలో రాసుకుని పాడుతుంది. "మమ్మీ, బురా మత్ మాన్‌నా, ఏమీ అనుకోకు. చాలా రోజుల నుంచి గుచ్చుతోంది. ప్రతి ఏడాదీ ఇంకొంచెం పెరుగుతోంది. నీకు తెలుసనుకున్నాను," అంది.

జగ్గయ్యకి చెవి మిషను కోసమని చెప్పి ఇద్దర్నీ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. తండ్రికి పరీక్ష చేశాక, ఎలాగూ వచ్చింది కదా అని కూతుర్నీ ఆ గాజు గదిలో కూర్చోబెట్టించాను. డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కాసేపు చూశాడు. రెంటిలోనూ వినికిడి గీత మొదట్లో సమంగా వెళ్ళి, సన్నని ధ్వనుల దగ్గరికొచ్చేసరికి మెట్టు దిగినట్టు కిందికి పడిపోయింది. జగ్గయ్యది మరికాస్త లోతుకి దిగింది, అంతే తేడా. మీరు కూడా మిల్లులో చేశారా అని రజనిని అడిగాడు.

"నేదు సార్. పాటలు పాడేదాన్ని," అంది రజని.

బయటికొచ్చాక ఆసుపత్రి బెంచీ మీద కూలబడింది. అప్పుడు నాకు విషయం అర్థమైంది. ఆవిడకి చెవులు తగ్గుతున్నకొద్దీ ట్రెబుల్ పెంచుతూ వచ్చింది. ముందు వరుసలవాళ్ళకీ అలాగే తగ్గుతోంది కాబట్టి ఇంకా బాగుంది, ఇంకా బాగుందని మెచ్చుకుంటూ వచ్చారు. ఆ మెప్పు నమ్ముకుని ఆవిడ ఇంకా పెంచింది. ఇంకెక్కడైనా ఎవరో ఒకరు మొదటి ఏడాదే చెప్పేసి ఉండేవాళ్ళు. ఖుర్సీపార్‌లో చెప్పాల్సినవాళ్ళందరూ ఆవిడతోపాటే చెవులు పోగొట్టుకున్నారు. నాకు ఆ క్షణంలో చాలా బాధేసింది. ఒకరి తప్పైతే తిట్టి ఊరుకోవచ్చు. ఇది తప్పని కూడా అనలేం.

"ఉగాదికి ఎలా చేస్తావే?" అన్నాను.

"పద్మ సెవులతోటి సేత్తాను," అంది.

సరిగ్గా అదే చేసింది. ఉగాదినాడు మధ్యాహ్నం ఖాళీ హాల్లో పద్మశ్రీ కాసేపు స్టేజి మీద పాడి ఫోనులో రికార్డు చేసుకుంది, కిందికొచ్చి అదే రికార్డు బాక్సుల్లో పెట్టించుకుని చివరి వరుస దాకా నడుస్తూ విన్నది. తగ్గించు మమ్మీ, ఇంకా తగ్గించు, బస్, చాలు, అంటూ చెప్పింది. ప్రతి ఫేడరు పక్కనా రజని తెల్లటేపు ముక్క అంటించింది. ఆ గీత దాటకూడదని తనకి తానే ఒట్టు పెట్టుకుంది. సర్దడం అయ్యాక నా వైపు తిరిగి, "అక్కా, నాకిప్పుడు దాని గొంతు గోడవతల నుంచి వచ్చినట్టున్నాది. నువ్వు ఏటీ అనకు," అంది.

సాయంత్రం హాలు నిండింది. ఈ ఏటి ఉగాదికి మిల్లు పెద్దల్ని సన్మానించాలని కమిటీ నిర్ణయం. వాళ్ళ మీద పాట నన్ను రాయమన్నారు. గొప్ప పాటేం కాదు, కానీ విజయనగరంలో రైలెక్కి మూటాముల్లెతో ఇక్కడ దిగినవాళ్ళ పేర్లూ ఊర్లూ అందులో ఉన్నాయి. బొబ్బిలి జగ్గయ్య ఉన్నాడు. పద్మశ్రీ దాన్ని ఎంతో కష్టపడి నేర్చుకుంది. శాలువాలు కప్పేశాక పాట మొదలైంది.

నిజం చెప్పాలంటే బాగుంది. నాక్కొంచెం తక్కువగానే వినిపించింది గానీ, వెనక వరుసల మొహాలు చూస్తే తెలిసిపోయింది. ఒక్క పిల్లా చెవులు మూసుకోలేదు. చంటిపిల్లలు ఒళ్ళో నిద్రపోయారు. కుర్రవాళ్ళు ఫోనులెత్తి రికార్డు చేసుకుంటున్నారు. రామమోహనరావుగారు నా వైపు చూసి తలూపారు. బోర్డు నిలబడింది, రజని గెలిచింది అనుకున్నాను.

అప్పుడు ముందు వరుసల్లో మాటలు మొదలయ్యాయి. శాలువాలు కప్పుకున్న పెద్దవాళ్ళు ఒకరితో ఒకరు మిల్లు గొంతులతో కబుర్లలో పడ్డారు. వాళ్ళ లెక్క ప్రకారం అక్కడ ఏ కార్యక్రమమూ జరగడం లేదు. "మైకు పోనాదేటి?" అని ఒకాయన అరిచాడు. వెనక నుంచి "చుప్ రహియే నా అంకుల్" అని, మాట్లాడొద్దంటూ ఎవరో కసిరారు. రామమోహనరావుగారు లేచివచ్చి వేలు పెదవుల మీద పెట్టుకుని చూపించారు. స్కూలు పిల్లలకి నేనలా చూపించేదాన్ని. వాళ్ళ మీద రాసిన పాట వాళ్ళ ముందే పాడుతుంటే, వాళ్ళని నోరు మూసుకోమంటున్నాం. నాకు ఒళ్ళు మండిపోయింది.

జగ్గయ్య మాత్రం మాట్లాడలేదు. వెనక్కి తిరిగి కూతురికేసి చెయ్యెత్తి వేలు తిప్పుతున్నాడు. ఆవిడ చూసింది. చూసిందని నేను చూశాను. టేపు గీత మీద చెయ్యి పెట్టి, పెట్టిన చెయ్యి కదపకుండా కూర్చుంది. ఆయన మళ్ళీ తిప్పాడు. తన సైగ క్రేనువాడికి కనబడలేదనుకున్నాడో ఏమో, లేచి నిలబడి తిప్పాడు. రజని తల దించేసుకుంది.

ఆయన కాసేపు నిలబడి, కుర్చీలు పట్టుకుంటూ స్టేజి పక్కనున్న పెద్ద బాక్సు దగ్గరికి నడిచాడు. దాని మీద అరచెయ్యి ఆనించాడు. మిల్లులో బేరింగు ఎలా తిరుగుతోందో వాళ్ళు అలాగే చెయ్యి పెట్టి చెప్పేవాళ్ళట. తర్వాత చెవి దగ్గరగా పెట్టి అలాగే నిలబడిపోయాడు. ఆయన్ని చూసి ఇంకో ముసలాయన లేచాడు. ఆయన వెనక మరొకరు. కాసేపటికి శాలువాలన్నీ ఆ బాక్సు చుట్టూ గుమిగూడాయి. కనబడడం లేదని వెనక నుంచి గోల. వాలంటీర్లు వాళ్ళని కూర్చోబెట్టడానికి పరుగెత్తారు.

వాలంటీర్లకంటే ముందు రజని అక్కడికి చేరింది. తీసుకొచ్చి కూర్చోబెడుతుందనే అందరం అనుకున్నాం. బోర్డు వదిలేసి వచ్చింది. కచేరీ నడుస్తుండగా ఆవిడ బోర్డు వదలడం నేనెన్నడూ చూడలేదు. వాలంటీర్లని చేత్తో పక్కకి తోసి, తండ్రి పక్కన నిలబడి, తనూ తల వంచి చెవి ఆనించింది. ఇద్దరూ అలా ఎదురెదురు మొహాలతో నిలబడ్డారు. పద్మశ్రీ స్టేజి మీద నుంచి చూసింది. పాట మాత్రం ఆపలేదు. బొబ్బిలి జగ్గయ్య అన్న చరణం వచ్చినప్పుడు ఆయన మనవరాలి వైపు చూడలేదు, కూతురి మొహం వైపు చూశాడు. రజని ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

అంతా అయ్యాక రామమోహనరావుగారు స్టేజి పక్కకి వచ్చారు. పెద్దవాళ్ళ సంగతి కాస్త ఇబ్బందైందని ఆయనకీ బాధగానే ఉంది. అయినా సంతోషంగానే చెప్పారు. "అమ్మా రజనీ, సౌండ్ ఫస్ట్‌క్లాస్. అందరూ మెచ్చుకున్నారు. ఇంక కంపెనీ మాటెత్తం, వచ్చే ఏడాదీ బోర్డు నీదే."

రజని కేబులు మోచేతికి చుట్టుకుంటూనే ఆయన మాట పూర్తిగా విన్నది. మొహంలో అలసట తప్ప ఏమీ లేదు.

"వద్దు సార్. పాట మజ్జెలో నాను లేచిపోనాను కదా, ఎవరికైనా తేడా తెలిసిందేటి? పద్మ పెట్టిన గీతలమీద అదే నడిచింది. బోర్డు దానికి ఇచ్చీండి. ఆదివారాలు ఇక్కడే ఉంటాది," అంది.

"మరి నువ్వో?"

"ముందు రెండు వరుసలు తీసీసి ఆ బాక్సు పక్కన ఎయ్యండి సార్. ఎవరికీ అడ్డం రాకుండా గోడవారగా." చుట్టిన కేబులు నేలమీద పెట్టి నడుం నిమురుకుంది. "నా కుర్చీ కూడా అక్కడే ఎయ్యండి, నాన్న పక్కన."